ముట్టడిలో కొన్న పొలం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము. నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరు ఎంత సున్నితమో పని అంత కఠినం. చీకట్లో తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్ళకు బయట ఏం పడిపోతున్నదో చప్పుడును బట్టి ఊహించుకోవడమే తప్ప చూసే వీలు లేదు. తెల్లారి తలుపు తీసేసరికి టెక్కలి, నందిగాం దాటి పలాస, వజ్రపుకొత్తూరు, మందస దాకా తోటలు నేలమీద ఉన్నాయి.

ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందని అక్కడి పెద్దలు చెబుతారు. ఇసుక నేల, కొబ్బరి, దాని నీడన జీడి, పనస, అరటి, మునగ. ఉద్దానం రైతుకు కొబ్బరి చెట్టు అంటే బ్యాంకులో వేసుకున్న డబ్బు. పిల్ల పెళ్ళయినా, పిల్లాడి కాలేజీ ఫీజయినా, ఆస్పత్రి ఖర్చయినా కాయ దింపి అమ్ముకోవచ్చునన్న ధీమా. తాత నాటిన చెట్టు మనవడికి కూడా కాయలిస్తుంది. అలాంటి చెట్లు ఒక్క తెల్లవారుజామున వేళ్ళతో సహా లేచిపోయాయి. జీడితోటలు కూలితే రైతు ఒక్కడే నష్టపోడు. పలాస, కాశీబుగ్గల్లో జీడిగింజలు కొట్టి, పొట్టు తీసి బతికే ఆడకూతుళ్ళకూ పని తగ్గుతుంది. కరెంటు లేక, తాగే నీళ్ళు లేక ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. పడిపోయిన మానులను కోయించి తోటలోంచి బయటికి లాగించడానికే చేతిలో డబ్బు లేని రైతులున్నారు.

అంతకు ఐదేళ్ళ ముందు, 2013 అక్టోబర్‌లో పైలిన్ తుపాను వచ్చింది. అప్పుడు నిలబడి, ఇప్పుడు పడిపోయిన చెట్లున్నాయి. ‘అప్పుడు కాపాడిన దేవుడు ఇప్పుడెందుకు కాపాడలేదు?’ అని ఒక విశ్వాసి అడిగితే మనం ఏం జవాబు చెబుతాం?

సాధారణంగా మనవాళ్ళు రెండు జవాబులు చెబుతుంటారు. ఒకటి, ఇది పాపానికి శిక్ష అని. తోట పోయినవాడి ముందు నిలబడి ఈ మాట అనడానికి చాలా గుండె ధైర్యం కావాలి, లేదా అసలు గుండె లేకపోవాలి. రెండోది మెత్తని మాట. పోయినదానికి రెండంతలు దేవుడిస్తాడు, యోబుకు ఇవ్వలేదా అంటారు. నిజమే, యోబుకు గొర్రెలు, ఒంటెలు రెండింతలయ్యాయి. మళ్ళీ పదిమంది పిల్లలూ పుట్టారు. కానీ చనిపోయిన ఆ మొదటి పదిమంది తిరిగి లేచి ఇంటికి రాలేదు. యోబు గ్రంథం చివరి అధ్యాయాన్ని లాభాల లెక్కగా చదివే ప్రసంగీకులు ఈ ఒక్క విషయం దగ్గర ఆగితే బాగుండును.

బైబిలులో దీనికి మూడో జవాబు ఒకటుంది. అది మాటల్లో చెప్పిన జవాబు కాదు, ఒక భూమి రిజిస్ట్రేషన్!

యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ఈ పట్టణం శత్రువు చేతికి పోతుందని ప్రవచించినందుకు రాజు యిర్మీయా ప్రవక్తను కావలివారి ఆవరణలో బంధించి ఉంచాడు. రొట్టెలు కాల్చేవాళ్ళ వీధి నుంచి రోజుకొక రొట్టె ఆయనకు అందుతోంది, అదీ పట్టణంలో రొట్టెలున్నంత కాలమే. అలాంటి సమయంలో ఆయన పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం నువ్వు కొనుక్కో, దాన్ని విడిపించే హక్కు నీదే అన్నాడు. 

ఈ బేరం ఎంత వింతదో చూడండి. అనాతోతు యెరూషలేముకు దగ్గర్లోని ఊరు. శత్రు సైన్యం చుట్టూ దిగి ఉంది. అంటే కొనేవాడు వెళ్ళి చూసుకోలేని పొలం. కొనేవాడేమో ఖైదీ. ఆయనకు భార్య లేదు, బిడ్డలు లేరు. పెళ్ళి చేసుకోవద్దని దేవుడే చెప్పాడు కాబట్టి ఆ పొలం రాసివ్వడానికి వారసుడు లేడు. పైగా ఆ అనాతోతువాళ్ళే ఒకప్పుడు ఆయన్ను చంపాలని కుట్ర పన్నారు. ఏ ప్లీడరును అడిగినా ఈ కాగితం మీద సంతకం పెట్టవద్దనే చెబుతాడు.

యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి, సాక్షులతో సంతకాలు చేయించాడు. ఆవరణలో కూర్చున్న యూదులందరి ఎదుటా ఆ పత్రాన్ని బారూకు చేతికిచ్చి, ముద్ర వేసినదీ వేయనిదీ రెండు ప్రతులూ మట్టికుండలో పెట్టమన్నాడు. ఎందుకంటే అవి చాలాకాలం చెడిపోకుండా ఉండాలి. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ ద్రాక్షతోటలూ కొనుగోలు జరుగుతాయని దేవుడు పలికాడు. ఆ మాట నిజమని నమ్మినవాడు చేయాల్సిన పని ఆయన చేశాడు. అంతే.

ఇక్కడ తరచూ మనం దాటిపోయే సంగతి ఒకటుంది. పత్రం బారూకుకు ఇచ్చేశాక యిర్మీయా ప్రార్థన చేశాడు. అది స్తోత్రంతోనే మొదలవుతుంది కానీ చివరికి వచ్చేసరికి ఆయనలోని కలవరం బయటపడుతుంది. ముట్టడి దిబ్బలు గోడల దాకా వచ్చాయి, కత్తీ కరువూ తెగులూ వచ్చాయి, పట్టణం కల్దీయుల చేతికి పోబోతోంది, అయినా పొలం కొనమని నాతో చెప్పావే ప్రభువా అని మొర పెడతాడు. అంటే సంతకం పెట్టిన చెయ్యి వణకలేదు కానీ ఆ తర్వాత మనసు వణికింది. దేవుడు ఆయన్ను గద్దించలేదు. సందేహం తీరాకే విధేయత చూపాలని ఎవరు చెప్పారు మనకు? యిర్మీయా ముందు లోబడ్డాడు, తర్వాత అడిగాడు. తోట పోయిన మరుసటి ఆదివారం మందిరానికి వచ్చి, పాట పాడలేక నోరు మూసుకుని కూర్చున్న విశ్వాసి అవిశ్వాసి ఏమీ కాదు. అతను రావడమే ఆ రోజుకు అతని సంతకం.

భద్రత అనగానే మనకు తోచేది ఉన్నది పోకుండా ఉండటం. యిర్మీయాకు దొరికిన భద్రత వేరు. పట్టణం పోయింది, మరుసటి ఏడాదే పోయింది. మందిరం కాలిపోయింది. ఆయన దగ్గర మిగిలింది దేవుని మాట ఒకటి, ఆ మాట ప్రకారం చేయాల్సిన పని ఒకటి. పని మిగిలినవాడు దిక్కులేనివాడు కాడు. కష్టకాలంలో జీవితానికి అర్థం ఏమిటని వెతుక్కుంటూ కూర్చుంటే దొరకదేమో గానీ, ఈ రోజు నేను చేయాల్సింది ఏమిటని దేవుణ్ణి అడిగిన చాలామందికి అది దొరికింది.

అలా దొరికినవాళ్ళలో ఒకరు మన ఈ ప్రాంతంవారే. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలంలో అది ఎంత ఖరీదైన నిర్ణయమో ఈనాటి మనం అంచనా వేయలేం. కులం పోయింది, బంధువులు పోయారు. భార్యాబిడ్డలు సైతం కొంతకాలం దూరమయ్యారు. తర్వాత భార్య వచ్చి ఆయనతో కలిసింది. ముప్ఫై ఏళ్ళ వయసులో ఉన్న ఆసరాలన్నీ వదులుకున్న ఆ మనిషికి మిగిలిందేమిటి? చిన్నప్పటి నుంచి వంటబట్టిన రాగం, తాళం, తెలుగు మాట. వాటినే ఆయన ప్రభువు చేతిలో పెట్టారు. శ్రీకాకుళం కేంద్రంగా సువార్తికుడిగా, కాపరిగా ఏళ్ళ తరబడి సేవ చేస్తూ వందకు పైగా కీర్తనలు రాశారు. 1890లో కన్నుమూశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఆయన పేరు పదేపదే కనిపిస్తుంది. తెలుగువాళ్ళు ఆదివారం ఎక్కడ కూడుకున్నా, అది తెలంగాణ పల్లె అయినా అమెరికాలోని ఒక అద్దె హాలు అయినా, ఆయన పాటలు తెలియనివాళ్ళు తక్కువ. ఆ పాటల్లో చాలావాటిలో ఉన్నది శరణాగతి. అన్నీ ఉన్నవాడు రాయగలిగిన శరణాగతి కాదది.

ఉద్దానం కష్టం తుపానుతో మొదలూ కాలేదు, తుపానుతో ముగియనూ లేదు. గాలి ఒక్క పూటలో వచ్చి పోతుంది. కిడ్నీ జబ్బు అలా కాదు. పొలంలో కష్టపడే మనిషి, ఏ దురలవాటూ లేని మనిషి, ఒక రోజు రక్తపరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ పెరిగిందంటారు. నీళ్ళన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంతవరకు తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీళ్ళు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. మంచిదే. కానీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళివచ్చే మనిషికి ‘ఎందుకు నాకే?’ అన్న ప్రశ్న మాత్రం ఏ పడక మీద పడుకున్నా పక్కనే ఉంటుంది.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు అడిగింది ఇదే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేశారు, వీడా వీడి కన్నవాళ్ళా అన్నారు. ఇద్దరూ కాదన్నారు యేసు ప్రభువు. దేవుని క్రియలు ఇతనిలో కనబడాలి, పగలున్నంతసేపు మనం ఆ పని చేయాలి అని చెప్పి, నేలమీద ఉమ్మి, బురద చేసి, ఆ కళ్ళకు పూశారు. శిష్యులు కారణం అడిగారు, ప్రభువు చేతులు బురద చేసుకున్నారు.

ఈ అధ్యాయాన్ని ఉద్దానం గడ్డ మీదే చదువుకున్నవాళ్ళున్నారు. సోంపేటలోని ఆరోగ్యవరం ఆస్పత్రిలో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ పేదల కళ్ళకు ఆపరేషన్లు చేసేవారు. ఆయన మాటలు విని కదిలిపోయిన ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ వ్యాపారి, ఈ పనికి తోడ్పడటానికే 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ తర్వాత అది ఎన్నో దేశాలకు విస్తరించింది. దాని మొదలు మాత్రం సోంపేట. వీళ్ళకెందుకు చూపు పోయిందని వాళ్ళు ప్రసంగాలు చేసి ఊరుకోలేదు.

మన సంఘాల్లో ఎంతమంది కిడ్నీ రోగులున్నారో ప్రతి పాస్టరు గారికీ తెలుసు. ఆదివారం స్టేజీ మీదికి పిలిచి ప్రార్థన చేయడం సులువు. సోమవారం పొద్దున్నే డయాలసిస్‌కు తోడు వెళ్ళడం, ఆటో చార్జీ పెట్టడం, ఆ నాలుగు గంటలూ బయట కూర్చోవడం, ఇంట్లో పిల్లలకు అన్నం వండిపెట్టడం కష్టం. రెండూ ప్రార్థనలే అని నా అభిప్రాయం. స్వస్థత సభలు పెట్టి, మందులు మానేయమని చెప్పేవాళ్ళను మాత్రం దయచేసి గడప తొక్కనివ్వకండి. ప్రభువే ఆ గుడ్డివాడితో సిలోయము కోనేటికి నడిచి వెళ్ళి కడుక్కో అన్నాడు గదా! ఆస్పత్రికి నడవడం అవిశ్వాసమెలా అవుతుంది?

మళ్ళీ తోటల దగ్గరికి వద్దాం. తిత్లీ తర్వాత ఉద్దానంలో చాలామంది వలస పోయారు. ఉన్నవాళ్ళు మొక్కలు నాటారు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. నిండుగా కాయడానికి ఇంకా కొన్నేళ్ళు. డెబ్బై ఏళ్ళ రైతు గుంత తవ్వి, అడుగున ఇంత ఉప్పూ ఎరువూ వేసి మొక్క పెడుతున్నాడంటే ఆ కాయలు తాను తింటానని కాదు. ఆయన కూడా ముట్టడిలో పొలం కొన్నట్టే. 2019లో పెట్టిన ఆ మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేసే వయసుకు వచ్చాయి.

యిర్మీయా విషయానికొస్తే, తాను కొన్న ఆ పొలంలో ఆయన ఒక్క గింజ చల్లినట్టు కూడా గ్రంథంలో లేదు. పట్టణం పడిపోయాక మిగిలిన జనం ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. అక్కడి నుంచి తిరిగి వచ్చిన జాడ లేదు. ఆ మట్టికుండ ఏమైందో బారూకు కూడా రాయలేదు. కానీ దాదాపు యాభై ఏళ్ళ తర్వాత కోరెషు రాజు సెలవిస్తే చెరనుంచి స్వదేశానికి వచ్చినవాళ్ళ లెక్క ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. పేర్లూ అంకెలూ తప్ప ఏమీ లేవని మనం చదవకుండా పేజీ తిప్పేసే అధ్యాయం. అందులో ఇరవై మూడో వచనం దగ్గర ఒక చిన్న లెక్క కనిపిస్తుంది. అనాతోతు ఊరివాళ్ళు 128 మంది తిరిగి వచ్చారట.