అవయవదాతకు సెలవు ఎందుకు?

గోదావరిఖనిలో ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. అన్న సింగరేణి బొగ్గుబావిలో పనిచేస్తాడు. తమ్ముడు తపాలా కార్యాలయంలో గుమాస్తా. తండ్రికి రెండు మూత్రపిండాలూ చెడిపోయినవి. కొడుకులిద్దరూ తమ మూత్రపిండం ఇవ్వడానికి సిద్ధమే. వైద్యపరీక్షలలో ఇద్దరూ తగినవారని తేలింది. కాని "అన్నాళ్ళు మస్టరు పడకపోతే ఇల్లు గడిచేదెట్లా?" అని అన్నకు దిగులు.

మూత్రపిండం ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన జల్లెడలు వుంటాయి. ఒక మూత్రపిండాన్ని తీసివేస్తే రెండవది కొంత పెరిగి, వెనుక రెండూ కలిసి చేసిన పనిలో సుమారు నూటికి 70 పాళ్ళు తానే చేస్తుంది. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మరే కవల సోదరులలో ఒకరి మూత్రపిండాన్ని రెండవవారికి అమర్చాడు. ఆ దాత 2010 వరకు జీవించాడు.

అయితే గాయం మానడం వేరు సంగతి. పైచర్మం త్వరగానే అతుక్కొంటుంది. లోపలి కండరాల పొర గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఈలోగా బరువులెత్తితే బలహీనమైన చోట పేగు వెలుపలికి ఉబుకవచ్చును. దీనినే హెర్నియా అంటారు. అందుచేత వైద్యులు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు బరువుపని వద్దంటారు. కుర్చీలో కూర్చొని పనిచేసేవాడు కొంత ముందుగా పనిలో చేరవచ్చును. ఏటవాలు దారిలో గని దిగి, కప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టేవాడు ఆగవలసినదే. అంటే సెలవు కూడ చికిత్సలో భాగమే.

1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం అవయవాన్ని అమ్మడం నేరమన్నది. కాని దానంవల్ల దాత కోల్పోయిన సంపాదనను పూడ్చడం అవయవానికి వెల కట్టడం కాదని కూడ అదే చట్టం వివరించింది.

2023 ఏప్రిల్ 25న కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులలో అవయవదాతలకు వైద్యుని సలహాపై 42 రోజులవరకు ప్రత్యేక ఆకస్మిక సెలవు మంజూరు చేసింది. ఏ అవయవమైనా పరిమితి ఒకటే; ఆసుపత్రిలో చేరిన రోజునుండి లెక్క. తమ్ముడికి ఈ ఉత్తర్వు వర్తిస్తుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 పాళ్ళ వాటా వున్నప్పటికీ అక్కడి కార్మికులు కేంద్ర ప్రభుత్వోద్యోగులు కారు. వారి సెలవులను సంస్థ నియమాలు, ఒప్పందాలు నిర్ణయిస్తాయి.

కనుక అన్న ఆసుపత్రిలో చేరకముందే తన సెలవు, జీతం, తిరిగి పనిలో చేరే తేదీ గురించి గని కార్యాలయంలో వ్రాతమూలకంగా తెలుసుకోవలెను. గాయం మానే కాలం అన్నదమ్ములిద్దరికీ ఒక్కటే; బరువుపని చేసే అన్నకే విశ్రాంతి ఎక్కువ అవసరం.