ఇసుకలో గుడ్లు దాచే గ్రూనియన్

జానెడు పొడవైనా ఉండని వెండిరంగు సముద్రపు చేప కాలిఫోర్నియా గ్రూనియన్. ఇది పసిఫిక్ తీరంలో, అమెరికాలోని పాయింట్ కన్సెప్షన్ మొదలు మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా వరకు, ఒడ్డును అంటిపెట్టుకుని లోతు తక్కువ నీటిలో గుంపులుగా తిరుగుతుంది. ఇటీవలి దశాబ్దాల్లో ఉత్తరాన శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోనూ గుడ్లు పెడుతున్నట్టు నమోదైంది. పళ్ళు లేని ఈ చేప నీటిలో తేలాడే ప్లవకాలనే సూక్ష్మజీవులను తిని బతుకుతుంది, ఏడాదికే ఈడుకు వస్తుంది, నాలుగేళ్ళకు మించి జీవించడం అరుదు.

దీని విశిష్టతంతా సంతానోత్పత్తిలో ఉంది. మార్చి నుంచి ఆగస్టు వరకు, పున్నమి, అమావాస్యల తర్వాత మూడు నాలుగు రాత్రులు, అంటే తిథుల లెక్కన ఇంచుమించు పాడ్యమి మొదలు చవితి వరకు, పోటు తగ్గుముఖం పట్టిన వేళ గ్రూనియన్లు కెరటాలతోపాటు ఒడ్డుకెక్కుతాయి. ఆడచేప తోకతో మెత్తని ఇసుకను తొలుచుకుని, తలా ముందరి రెక్కలూ మాత్రమే పైకి కనిపించేలా నిటారుగా కూరుకుపోయి గుడ్లు పెడుతుంది; మగచేపలు, ఒక్కోసారి ఏడెనిమిది, దాన్ని చుట్టుకుని విడిచిన శుక్రద్రవం దాని ఒంటి వెంబడి జారి గుడ్లను చేరుతుంది. అర నిమిషంలో ఈ కార్యం ముగియగానే చేపలు మరో కెరటంతో సముద్రంలోకి మళ్ళుతాయి.

ఆ వేళను ఎంచుకోవడంలోనే అసలు కీలకం ఉంది. తర్వాతి రాత్రుల్లో పోటు అంత ఎత్తుకు రాదు, పైగా కెరటాలు గుడ్లపై ఇసుకను మేట వేస్తాయి కాబట్టి, అవి తడి ఇసుకలో దాదాపు 10 రోజులు నిశ్చింతగా ఎదుగుతాయి. పిండం సిద్ధమైనా గుడ్డు తనంత తాను పగలదు. తర్వాతి పెద్ద పోటు ఇసుకను కోసి గుడ్లను కుదిపినప్పుడే, రెండు మూడు నిమిషాల్లో పిల్లలు బయటపడి నీటితో కొట్టుకుపోతాయి. ఆ పోటు అందకపోతే ఆపై పోటు దాకా, మరో పక్షం రోజులు కూడా, గుడ్డులోనే ఆగగలవు. ఆవగింజను తలపించే గుడ్డులో ఇంత ఓర్పు ఉండటం నిజంగా అబ్బురం.

ఒడ్డున సులువుగా చిక్కే ఈ చేప తరిగిపోతున్నదని గ్రహించి 1927లోనే, అది ముమ్మరంగా గుడ్లు పెట్టే నెలల్లో వేటను నిషేధించారు. ఇప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ వరకు వేట పూర్తిగా నిషిద్ధం. తక్కిన రోజుల్లోనూ వలా గాలమూ లేకుండా చేతులతోనే పట్టాలి, ఇసుకలో గోతులు తవ్వకూడదు. కానీ చట్టం చేపను కాపాడినంతగా గుడ్లను కాపాడలేదు. తీరాన్ని శుభ్రపరిచే ట్రాక్టర్లు వాటిని పెళ్ళగిస్తాయని తెలిశాక, దక్షిణ కాలిఫోర్నియాలో పలుచోట్ల గుడ్లు పెట్టే కాలంలో ట్రాక్టర్లను పోటు గీతకు పైభాగానే నడుపుతున్నారు. అడ్డుగోడల వల్ల ఒడ్డు కోసుకుపోయిన చోట మాత్రం పోటు వేళ ఇసుకే మిగలదు, గ్రూనియన్‌కు గుడ్లు పెట్టే తావూ ఉండదు.