మెడలో ట్యాగు, ట్యాగులో ఫాతిమా

ఆఫీసులు మొదలయ్యే వేళ రాయదుర్గం మెట్రో మెట్లు దిగే జనంలో, మెడల్లోని ట్యాగులు చదువుకుంటూ పోతే కావ్యలు, శ్రావణిల మధ్య ఎక్కడో ఓ ఫాతిమా తగులుతుంది. పాతబస్తీ అమ్మాయి అనుకుంటాం. కావచ్చు. కాజీపేట క్యాథలిక్ ఇంటి పిల్ల కూడా కావచ్చు.

ఎందుకంటే ఈ పేరు తెలంగాణకు రెండు దారుల్లో వచ్చింది.

మొదటిది గోల్కొండ దారి. బిడ్డకు పాలు మాన్పించడాన్ని తెలిపే అరబ్బీ ధాతువులోంచి పుట్టిన పేరిది. మహమ్మద్ ప్రవక్త కూతురిది. షియాలైన కుతుబ్‌షాహీలకు ఆమె అంటే ఎనలేని భక్తి. ఐటీ కారిడార్‌కు కూతవేటు దూరంలోని కుతుబ్‌షాహీ సమాధుల్లో ఫాతిమా సుల్తాన్ సమాధి నేటికీ ఉంది. కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం ప్రతిష్ఠించిన 'బీబీ కా ఆలం' అనే పవిత్ర ధ్వజం పేరులో బీబీ అంటే ప్రవక్త కూతురు ఫాతిమాయే. ఆమెకు ఆఖరి స్నానం చేయించిన చెక్కలోని ముక్క అందులో ఉందని నమ్ముతారు. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి ఆ ఆలం ఏనుగు మీద బయల్దేరితే వీధులు కిక్కిరిసిపోతాయి.

రెండోది చుట్టుదారి. అరబ్బులు ఏలిన పోర్చుగల్ నేలలో ఫాతిమా అనే పల్లె మిగిలింది. ఓ క్రైస్తవ యోధుడు చెరపట్టి తెచ్చి పెళ్లాడిన ముస్లిం రాకుమారి పేరే ఆ ఊరికి వచ్చిందని అక్కడి జానపద కథ. 1917 మే 13న ఆ ఊరి దగ్గర గొర్రెలు కాసుకుంటున్న లూసియా, ఫ్రాన్సిస్కో, జసింతా అనే ముగ్గురు పిల్లలు తమకు మరియమాత కనబడిందన్నారు. 1930లో అక్కడి బిషప్ ఆ మాటను ఆమోదించాడు. ఆ తర్వాత పోర్చుగల్ ఇళ్లల్లో 'మరియా ద ఫాతిమా'లు విరివిగా పుట్టారు. మన దగ్గర మొక్కుకుని యాదగిరి, తిరుపతి, శ్రీశైలం అని పెట్టుకోమూ? అచ్చం అలాగే. ఆడపిల్ల పేరు ఊరికెళ్లి, ఊరి పేరు మళ్లీ ఆడపిల్లకొచ్చింది. సముద్రం దాటి బ్రెజిల్‌కూ చేరింది; అక్కడి రాత్రి టీవీ వార్తల్లో ఏళ్ల తరబడి కనిపించిన ఫాతిమా బెర్నార్దెస్ దేశమంతటికీ తెలిసిన మనిషి.

పోర్చుగీసు వాళ్ల నుంచి మనకు బొత్తాం, అల్మారా, మేస్త్రి లాంటి మాటలు వచ్చాయని తెలుసు. ఈ పేరు మాత్రం పడవలో కాదు, ప్రార్థనలో వచ్చింది. 1952లో వరంగల్ క్యాథలిక్ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడింది. దాని ప్రధాన ఆలయం కాజీపేటలోని ఫాతిమామాత కేథడ్రల్. ఆ ప్రాంతమే ఫాతిమానగర్. క్యాథలిక్ కుటుంబాలు బిడ్డలకు మేరీ ఫాతిమా, ఫాతిమా రాణి అని పేర్లు పెట్టుకుంటాయి.

ఇంకో ముచ్చట. కాజీపేట అన్న పేరే ఓ ఖాజీ వల్ల వచ్చింది. వరంగల్ ఖాజీగా చేసిన అఫ్జల్ బియాబానీ దర్గా ఆ ఊళ్లోనే ఉంది. దర్గా, కేథడ్రల్ రెండూ ఉన్న ఆ ఊరి జంక్షన్‌లో సోమవారం తెల్లవారుజామున సికింద్రాబాద్ రైలు కోసం బ్యాగులు తగిలించుకుని నిలబడే ఐటీ పిల్లల్లో 'ఫాతిమా' అని పిలిస్తే, ఏ ఇంటి పిల్ల తిరిగి చూస్తుందో ముందే చెప్పలేం.