కోలార్ అడుగున ఇనుప మగ్గం

నారాయణపేటలో గళ్ల చీర నేస్తుంటే చూసినవాళ్లకు కోలార్ యంత్రం సంగతి చెప్పడం తేలిక. పడుగు నిలువు, పేక అడ్డం. ఏ నిలువు పోగు మీద, ఏ అడ్డపోగు మీద మరక పడిందో చెబితే చాలు, అదెక్కడుందో చీర విప్పకుండానే చెప్పేయొచ్చు.

కుప్పం అవతల కోలార్ బంగారు గనుల్లో, నేలకు 2.3 కిలోమీటర్ల అడుగున, 1980లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలూ వాళ్ల జపాన్ సహచరులూ ఇలాంటి మగ్గమే వేశారు. పోగుల బదులు వాయువు నింపిన నలుచదరపు గొట్టాలు, దాదాపు 1600. ఒక వరుస ఇటు, దాని మీది వరుస అటు, మధ్యలో ఇనుప పలకలు. మొత్తం 34 వరుసలు, 140 టన్నులు. విద్యుదావేశమున్న కణం ఏ గొట్టంలోంచి దూసుకుపోతే ఆ గొట్టం ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడిన గొట్టాలను వరుసగా కలిపితే కణం నడిచిన దారి తేలుతుంది.

ఇంత లోతుకు ఎందుకు దిగాలి? అరచేయి చాపి నిలబడండి, సెకనుకు ఒకటి చొప్పున ఆకాశం నుంచి మ్యువాన్లనే కణాలు దాన్ని గుచ్చుకుని పోతుంటాయి. జాతరలో నిలబడి గుసగుస వినలేం కదా. కోలార్‌లో 1960ల మొదట్లో ఒక్కో లోతుకు దిగుతూ ఈ మ్యువాన్లను లెక్కపెట్టారు. అన్నిటికంటే లోతున రెండు నెలలు కాపు కాస్తే ఒక్కటీ రాలేదు. ఇంకెక్కడైనా అది నిరాశ, అక్కడ మాత్రం పండగ! ఆ నిశ్శబ్దంలోనే 1965లో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే కణాల ఆనవాలు దొరికింది. టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హామ్ బృందాలు కలిసి రాసిన పత్రంలో ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం పేర్లు కనిపిస్తాయి. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందానికీ ఇంచుమించు అప్పుడే అదే దొరికింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఇనుప మగ్గానికి ముందున్న పాత పరికరాల్లోనే కొన్ని విచిత్రమైన జాడలు పడ్డాయి. రెండు మూడు గీతలు ఒకే బిందువు నుంచి విచ్చుకున్నాయి. ఆ బిందువు చూస్తే రాతిలో లేదు, గుహలోని ఖాళీ గాలిలో ఉంది. న్యూట్రినో దేన్నయినా ఢీకొట్టాలంటే దట్టమైన రాయి కావాలి, గాలిని పట్టుకుని ఏం ఢీకొడుతుంది? 1975లో ఈ ‘కోలార్ సంఘటనల’ను ప్రచురించారు. లోకం చదివి, తల ఊపి, పక్కన పెట్టేసింది.

ఇనుప మగ్గం వేసింది వేరే వేట కోసం, ప్రోటాన్ విచ్ఛిన్నమవుతుందా అని చూడటానికి. కొన్ని జాడలు ప్రోటాన్ విచ్ఛిన్నంలాగే ఉన్నాయని కోలార్ బృందం చెప్పింది. అమెరికా, జపాన్ గనుల్లో ఇదే వేటలో ఉన్న పెద్ద నీటి తొట్లు మాత్రం ఆ మాటకు సాక్ష్యం పలకలేదు.

2014లో ఎం.వి.ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు గాలిలో విచ్చుకున్న ఆ పాత జాడలను మళ్లీ బయటికి తీశారు. గాలిలో ఏదీ దేన్నీ ఢీకొట్టలేదనుకోండి, ఏదో తనంతట తాను విరిగిందనుకోండి. ప్రోటాన్‌కు ఐదు నుంచి పది రెట్ల బరువుతో, వెయ్యి కోట్ల సంవత్సరాల ఆయుష్షుతో ఉన్న కృష్ణపదార్థ (డార్క్ మ్యాటర్) కణం అక్కడ విచ్ఛిన్నమైందేమో అన్నారు. నాకు నమ్మకం చాలదు. గుప్పెడు జాడల మీద అంత మేడ కట్టడం కష్టం. కానీ కొట్టిపారేసే ఊహ కూడా కాదు.

ఎందుకంటే ఆ బరువు దగ్గరే కృష్ణపదార్థాన్ని వెతికే ఇప్పటి పెద్ద పరికరాలు తడబడతాయి. వాటిలో నింపే జెనాన్ కేంద్రకం చాలా బరువు. ఆవగింజ వచ్చి రోలుకు తగిలితే రోలు కదులుతుందా? అందుకే తేలిక కణాల వేటగాళ్లు దారి మార్చారు. కెనడాలోని సడ్‌బరీ నికెల్ గనిలో, రెండు కిలోమీటర్ల అడుగున, సిలికాన్, జెర్మేనియం స్ఫటికాలను పరమశూన్య ఉష్ణోగ్రతకు వెంట్రుకవాసి దూరం దాకా చల్లబరిచి, అతి చిన్న కంపనాన్ని కూడా పట్టుకోవాలని చూస్తున్నారు. మన దగ్గర జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో, 555 మీటర్ల లోతున, 2017 నుంచి ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాడే ద్రవం కొన్ని ఫ్రిజ్‌లు, కార్ల ఏసీల్లో తిరిగే ఆర్-134ఏ. అందులోని హైడ్రోజన్, కార్బన్, ఫ్లోరిన్ అన్నీ తేలిక కేంద్రకాలే. మరిగే స్థితి దాటినా మరగకుండా నిలిపిన ఆ ద్రవపు బిందువుకు చిన్న దెబ్బ తగిలితే చాలు, టప్పున బుడగవుతుంది. ఆ చప్పుడును వింటారు.

కోలార్ గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పంపులు ఆగాయి, లోతులన్నీ నీట మునిగాయి. ఆ జాడలు పడిన చోటికి ఇక ఎవరూ దిగలేరు. అలాంటి జాడలను మళ్లీ వెతకడానికి దిక్కు తమిళనాడు తేని కొండల్లో తలపెట్టిన 50,000 టన్నుల ఇనుప మగ్గమే. 2015లో కేంద్రం ఆమోదించింది, స్థానికులు వద్దన్నారు, సొరంగం తవ్వలేదు. దాని 85 టన్నుల నమూనా మాత్రం మదురైలో ఉంది. నేల మీదే కూర్చుని, కోలార్‌లో ఏ మ్యువాన్ల నుంచి తప్పించుకోవడానికి అంత లోతుకు దిగారో, ఆ మ్యువాన్లనే లెక్కపెడుతోంది.