ఆకుపచ్చ రాయికి ధర కట్టే ముందు

ఖమ్మం: మిరప యార్డులో రంగు చూసి ధర పలకడం మన వర్తకులకు అలవాటు. తాలు ఎంత, తేమ ఎంత అన్నది చేత్తో నలిపి చెప్పగలవారున్నారు. అయితే భద్రాచలం అడవి అంచు నుండి ఎవరైనా ఆకుపచ్చ రాయి మచ్చు తెచ్చి రాగి ఖనిజమంటే ఆ అనుభవం అక్కరకు రాదు.

ఈ వైపున రాగి ఉన్న మాట నిజమే. కొత్తగూడెం దగ్గరి మైలారం నిక్షేపం తెలిసినదే. అక్కడి ముఖ్య ఖనిజం చాల్కోపైరైట్ అనే గంధకపు రాయి. అటువంటి రాయి నేలపైకి తేలినచోట వానకు, గాలికి శిథిలమై ఆకుపచ్చగా మారుతుంది. అది సాధారణంగా మాలకైట్. చిక్కల్లా ఎక్కడంటే, అడుగు రాయిలో పాషాణం, అనగా ఆర్సెనిక్, ఉన్నచోట కూడా పైన ఆకుపచ్చ రాయే పుడుతుంది. భూగర్భ జలమట్టానికి పైన రాగి, ఆర్సెనిక్ రెండూ నీటిలో కరిగి, పగుళ్లలో తిరిగి గడ్డకట్టి ఆలివినైట్ అవుతాయి. సున్నం తోడైతే కోనికాల్సైట్. ఇంగ్లండులోని కార్న్‌వాల్, నమీబియాలోని త్సుమెబ్ గనులు వీటికి పేరుమోసినవి.

శుద్ధమైన మాలకైట్‌లో రాగి 57 శాతం, ఆలివినైట్‌లో 45 శాతం. తేడా అంతవరకే అయితే బేరంలో సర్దుకోవచ్చు. కాని ఆలివినైట్‌లో ఆర్సెనిక్ 26 శాతం! 100 టన్నుల సరుకులో ఇది 1 టన్ను కలిసినా మొత్తం మీద 0.26 శాతం తేలుతుంది. రాగి కరిగించే ఫ్యాక్టరీలు సాధారణంగా 0.2 శాతం దాటగానే తరుగు తీస్తాయి. 2 టన్నులు కలిస్తే 0.5 దాటినట్లే. రాగి కాన్సంట్రేట్ దిగుమతికి చైనా 2006లో పెట్టిన హద్దు అదే.

పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే మాలకైట్ పొంగుతుంది, ఆలివినైట్ పొంగదు. పొంగింది కదా అని నిశ్చింతగా ఉండరాదు. సున్నపురాయి అంటుకొని ఉన్నా పొంగుతుంది. నిప్పుల మీద కాల్చి వెల్లుల్లి వాసన పట్టే పాత పద్ధతి ఒకటున్నది. ఆ పొగ పాషాణమే కనుక దాని జోలికి పోరాదు. ప్రయోగశాల రిపోర్టులో రాగితో పాటు ఆర్సెనిక్ శాతం విడిగా రాయించుకోవాలి. రాగి ఒక్కటే రాసిన కాగితం అమ్మేవారికే పనికివస్తుంది.

ఇంకొక మాట. షెడ్యూల్డు ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు గని లీజుకు ఇవ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భద్రాచలం ఏజెన్సీ ఆ కోవలోనిదే. లీజు ఎవరి పేరున ఉన్నది, రవాణా పర్మిట్ ఉన్నదా అన్నవి మచ్చు చేతిలోకి తీసుకోకముందే అడగవలసినవి.