కృత్రిమ మూత్రపిండం, గట్టిపడే ధమనులు

శరీరానికి వెలుపల ఉండి ఒక అవయవం చేయవలసిన పనిని ఏళ్ల తరబడి చేయగలిగిన తొలి యంత్రం కృత్రిమ మూత్రపిండం, అంటే డయాలిసిస్ యంత్రం. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారు కొద్ది వారాలకు మించి బతకని రోజుల నుంచి పది, ఇరవై ఏళ్లు బతకగలిగే రోజులకు వైద్యం చేరుకున్నది దీనివల్లనే. అయితే అలా పెరిగిన ఆయుష్షులోనే, అంతకు ముందు కనబడే అవకాశమే లేని మరొక వ్యాధి బయటపడింది: రోగుల ధమనులు వయసుతో నిమిత్తం లేకుండా గట్టిపడి, వాటి గోడలలో సున్నం పేరుకొని, చివరకు గుండె దెబ్బతినడం. అందువల్ల ఈ యంత్రం రక్తం నుంచి తీసివేసిన పదార్థాల చరిత్ర ఎంత ముఖ్యమో, తీయలేక మిగిల్చిన పదార్థాల చరిత్ర కూడా అంతే ముఖ్యం.

యంత్రానికి ఆధారమైన సూత్రాన్ని స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లో వివరించాడు. పార్చ్‌మెంటు పొరకు ఒకవైపు ద్రావణాన్ని, మరొకవైపు నీటిని ఉంచితే యూరియా, ఉప్పు వంటి చిన్న అణువులు పొరను దాటిపోతాయనీ, మాంసకృత్తుల వంటి పెద్ద అణువులు ఇవతలే నిలిచిపోతాయనీ ఆయన చూపాడు. 1913లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్ జేకబ్ ఏబెల్ బృందం కొలోడియన్ గొట్టాల గుండా కుక్కల రక్తాన్ని పంపి శుద్ధి చేసింది. రక్తం గడ్డకట్టకుండా వారు వాడినది జలగల నుంచి తీసిన హిరుడిన్. జర్మనీలోని గీసెన్‌లో గేయోర్గ్ హాస్ 1924లో తొలిసారిగా మనిషికి డయాలిసిస్ చేశాడు గాని అది పావుగంటసేపే సాగింది. దానిని గంటల తరబడి నడపాలంటే గట్టి పొర, రక్తం గడ్డకట్టకుండా ఆపే, ప్రమాదం తక్కువైన మందు కావలసి ఉండగా, సెల్లోఫేన్, హెపారిన్ వచ్చి ఆ రెండు కొరతలనూ తీర్చాయి.

ఆ రెండింటినీ కలిపి పనికివచ్చే యంత్రాన్ని నిర్మించినవాడు విలెం కోల్ఫ్ అనే డచ్చి వైద్యుడు. సాసేజ్ తయారీలో పైతొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టంలో యూరియా కలిపిన రక్తాన్ని పోసి, ఉప్పునీటిలో కొన్ని నిమిషాలు ఆడించి చూసినప్పుడు యూరియా దాదాపుగా అంతా నీటిలోకి వెళ్లిపోవడం ఆయన గమనించాడు. జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణపు ఆసుపత్రిలో, స్థానిక ఎనామెల్ కర్మాగారం సాయంతో, చెక్క పట్టీల డ్రమ్ముకు సుమారు 20 మీటర్ల సెల్లోఫేన్ గొట్టాన్ని చుట్టి, ఆ డ్రమ్ము ఉప్పునీటి తొట్టిలో తిరిగేలా 1943లో ఆయన యంత్రాన్ని సిద్ధం చేశాడు. తొలి 16 మంది రోగులలో 15 మంది చనిపోయారు. అంతటి వైఫల్యం తర్వాత కూడా ఆయన ఆ ప్రయత్నాన్ని వదలకపోవడం వైద్యచరిత్రలో గౌరవంతో తలచుకోదగిన విషయం. 1945 సెప్టెంబరులో స్పృహ కోల్పోయిన స్థితిలో వచ్చిన 67 ఏళ్ల స్త్రీ ఆ యంత్రంవల్ల కోలుకుంది. ఆమె నాజీలను సమర్థించినందుకు జైలులో ఉన్న ఖైదీ. ఊరివారికి ఆమెపై ఉన్న ద్వేషాన్ని వైద్యుడు లెక్కలోకి తీసుకోలేదు.

కోల్ఫ్ యంత్రం తాత్కాలికంగా మూలపడిన మూత్రపిండాలకు మాత్రమే ఉపకరించేది, ఎందుకంటే ప్రతిసారీ కొత్తగా ఒక ధమనినీ ఒక సిరనూ కోయవలసి రావడంతో కొద్ది వారాలలోనే చేతులలో, కాళ్లలో కోయడానికి చోటు మిగిలేది కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ ధమనినీ సిరనూ కలుపుతూ చర్మం వెలుపల శాశ్వతంగా ఉండే టెఫ్లాన్ గొట్టాన్ని అమర్చి ఈ చిక్కును విప్పాడు. ఆ మార్చి నెలలో చికిత్స మొదలుపెట్టిన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో 11 ఏళ్లు బతికాడు. 1966లో న్యూయార్కు వైద్యులు బ్రెషియా, చిమినో, వారి సహచరులు మణికట్టు దగ్గర ధమనిని నేరుగా సిరకు కుట్టే ఫిస్టులాను ప్రకటించారు. ఈనాటికీ రోగులు చేతిలో కాపాడుకునేది దానినే. డ్రమ్ము స్థానంలోకి, లోపలి వ్యాసం మిల్లీమీటరులో ఐదోవంతు మాత్రమే ఉండే వేలాది బోలు పోగుల కట్ట వచ్చింది.

షీల్డ్స్ 1971లో చనిపోయినది గుండెపోటుతో. అది ఒక్క మనిషి దురదృష్టం కాదని 1974లో స్క్రిబ్నర్ బృందమే వెల్లడించింది. దీర్ఘకాలం డయాలిసిస్ చేయించుకున్న 39 మందిని సగటున ఆరున్నరేళ్లు పరిశీలించగా సగానికి పైగా మరణించారు, ఆ మరణాలలో ఎక్కువ భాగం ధమనుల వ్యాధివల్ల సంభవించాయి. తమ ఆవిష్కరణకు ఉన్న పరిమితిని ఆవిష్కర్తలే ప్రపంచానికి చెప్పడం ఆ బృందపు నిజాయితీకి నిదర్శనం. తర్వాతి కాలంలో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో 20 నుంచి 30 ఏళ్ల వయసున్న 16 మంది డయాలిసిస్ రోగులను స్కాన్ చేస్తే, 14 మందికి గుండె ధమనులలో సున్నం కనబడింది. అదే వయసున్న 60 మంది ఆరోగ్యవంతులలో అది ముగ్గురికే ఉంది.

ఈ సున్నం ఎక్కడ చేరుతుందన్నది కీలకం. సాధారణంగా చెప్పుకునే గుండెజబ్బులో కొవ్వు, దానితోపాటు కొంత సున్నం, ధమని లోపలి పొరలో గడ్డలుగా చేరి దారిని ఇరుకు చేస్తాయి. మూత్రపిండాల రోగులలో అది ఉంటూనే, 1903లో జర్మన్ వైద్యుడు మోంకెబెర్గ్ వర్ణించిన మరో రకం, అంటే ధమని మధ్య పొరలోని కండరం పొడవునా సున్నం పరుచుకోవడం, ఎక్కువగా కనిపిస్తుంది. దారి మూసుకుపోకపోయినా గోడ సాగే గుణాన్ని కోల్పోతుంది. సాగే బృహద్ధమని గుండె కొట్టిన రక్తంలో కొంత తనలో నిలుపుకొని, గుండె విశ్రమించే క్షణంలో ముందుకు నెడుతుంది, గుండె కండరానికి రక్తం ప్రధానంగా అందేదీ ఆ క్షణంలోనే. గోడ గట్టిపడితే పై రక్తపోటు పెరుగుతుంది, కింది రక్తపోటు తగ్గుతుంది, గుండె మందమై అలసిపోతుంది. గట్టిదనాన్ని కొలవడానికి నాడి అల ధమని వెంట ప్రయాణించే వేగాన్ని చూస్తారు. 1999లో ఫ్రాన్స్‌లో 241 మంది రోగులపై జరిగిన పరిశీలనలో ఆ వేగం సెకనుకు 12 మీటర్లు దాటినవారిలో మరణాలు చాలా ఎక్కువని తేలింది.

ఎంతోకాలం దీనిని శరీరం అరిగిపోవడంగానే భావించారు. 2000లో, అదే సియాటిల్‌లో, సెసీలియా జాచెల్లీ బృందం ధమని కండర కణాలను ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్న ద్రవంలో పెంచినప్పుడు అవి కండర లక్షణాలను వదిలి ఎముక కణాల వలె ప్రవర్తిస్తూ సున్నాన్ని నిక్షేపించడం చూసింది. ఫాస్ఫేట్ అంటే పప్పులు, పాలు, మాంసం, జీడిపప్పు వంటి వాటి ద్వారా ఒంటిలో చేరే భాస్వరపు రూపం. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు మిగులును రోజూ బయటికి పంపుతాయి. రక్తంలో అది డెసీలీటరుకు 6.5 మిల్లీగ్రాములు మించిన డయాలిసిస్ రోగులలో మరణాల ముప్పు ఎక్కువని 1998లోనే అమెరికా లెక్కలు చూపాయి.

యంత్రం బలహీనత బయటపడేది సరిగ్గా ఇక్కడే. యూరియా శరీరంలోని నీటిలో అంతటా తేలిగ్గా కదులుతుంది కాబట్టి నాలుగు గంటల చికిత్సలో బాగా తగ్గిపోతుంది. ఫాస్ఫేట్ అణువు చుట్టూ నీటి అణువుల తొడుగు ఉండటంవల్ల పొరను నెమ్మదిగా దాటుతుంది; పైగా అది అధికభాగం ఎముకలలో, కణాలలో ఉండి, రక్తంలోకి ఆలస్యంగా వస్తుంది. చికిత్స మొదలైన గంటా రెండు గంటలలో రక్తంలో దాని మోతాదు పడిపోయి, ఆపైన తొలగింపు మందగించి, యంత్రం నుంచి విడివడగానే మళ్లీ పెరుగుతుంది. వారానికి 168 గంటలు పనిచేసే మూత్రపిండానికి, మూడుసార్లు నాలుగేసి గంటల చొప్పున 12 గంటలే నడిచే యంత్రం సాటి రాదు.

కొలెస్టరాల్ తగ్గిస్తే సరిపోతుందేమోనన్న ఆశ కూడా నిలవలేదు. జర్మనీలో మధుమేహమున్న 1,255 మంది డయాలిసిస్ రోగులపై జరిగి 2005లో ప్రకటితమైన పరీక్షలో స్టాటిన్ మందు కొలెస్టరాల్‌ను తగ్గించినా, గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి చూసినప్పుడు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. దాంతో పరిశోధకుల చూపు వేరే సూచికలపైకి మళ్లింది. కాలేయం తయారుచేసే ఫెటుయిన్-ఏ అనే మాంసకృత్తి, రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి స్ఫటికాలు కాకుండా వాటిని చుట్టి ఉంచుతుంది. అది తక్కువగా ఉన్న డయాలిసిస్ రోగులలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని 2003లో జర్మన్ పరిశోధకులు చూపారు. శరీరంలో వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే మాంసకృత్తికీ ఫెటుయిన్-ఏకీ సంబంధం ఉంది, ఎందుకంటే వాపు ఉన్నప్పుడు కాలేయం ఫెటుయిన్ తయారీని తగ్గిస్తుంది.

విడివిడి సూచికలకన్నా రక్తపు మొత్తం రక్షణశక్తిని కొలవడం మేలన్న ఆలోచనతో స్విట్జర్లాండులో ఒక పరీక్ష రూపొంది 2012లో ప్రకటితమైంది. సీరంలో కాల్షియం, ఫాస్ఫేట్ అదనంగా కలిపి, మెత్తని కణికలు స్ఫటికాలుగా మారడానికి పట్టే సమయాన్ని అందులో లెక్కిస్తారు. సమయం ఎంత తక్కువైతే రక్షణ అంత తక్కువ.

డయాలిసిస్ సమయాన్నే మందుగా వాడవచ్చునని చూపినవారూ ఉన్నారు. 1974 నాటి పరిశీలనలో పాల్గొన్న బెర్నార్ షారా ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని టాసాన్‌లో వారానికి మూడుసార్లు ఎనిమిదేసి గంటల డయాలిసిస్ పద్ధతిని కొనసాగించి, రక్తపోటు మందులు దాదాపు అక్కరలేని రోగులను చూపాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కారణం ఇంకా తేలని మూత్రపిండాల వ్యాధి ఊళ్లకు ఊళ్లనే పట్టుకున్నచోట, పలాస, సోంపేట, కవిటి కేంద్రాలలో ఒక యంత్రంపై రోజుకు పలువురికి చికిత్స జరగవలసి ఉన్నందున అంతంత సమయం ఇవ్వడం సులభం కాదు. అటువంటి చోట యంత్రంలో పారే ద్రవాన్ని మార్చే దారి ఆశ కలిగిస్తుంది: డెన్మార్క్ పరిశోధకులు 2018లో ఆ ద్రవంలో మెగ్నీషియాన్ని రెట్టింపు చేసినప్పుడు, నాలుగు వారాలలోనే రోగుల సీరంలో స్ఫటికాలు ఏర్పడే సమయం పెరిగింది.