ఏ కాగితము చూపి అడిగినారు?

2021 అక్టోబరు మాసాంతమున, గంజాయి వేట ముమ్మరముగా సాగుచున్న హైదరాబాదులో, పోలీసులు దారిన పోవువారిని నిలిపి సెల్‌ఫోను తెరువుమని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని కొట్టి, తగిలిన సంభాషణలను నడివీథిలోనే చదివిరి. ఆ దృశ్యములు దేశమంతట వ్యాపించిన పిమ్మట, బలవంతమేమియు లేదనియు, జనులే సహకరించుచున్నారనియు అధికారులు సెలవిచ్చిరి. లాఠీ పట్టినవాడు చేయి చాచినప్పుడు ఒంటరివాడు ఫోనిచ్చుట సహకారమైనచో, బలవంతమెట్లుండునో వారే చెప్పవలయును.

ఈ సందేహమును ఏనాడో తీర్చినవాడు మనవాడే. రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసు హైకోర్టున న్యాయమూర్తియై, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా వచ్చిన కోకా సుబ్బారావుగారు, 1962 డిసెంబరులో సుప్రీంకోర్టున ఖరక్‌సింగ్ వ్యాజ్యము విన్నవారిలో ఒకరు. బందిపోటు కేసులో సాక్ష్యము లేక విడువబడిన ఆ ఉత్తరప్రదేశ్ వాసి తలుపును కానిస్టేబుళ్లు, చౌకీదార్లు పోలీసు నిఘా నిబంధన ననుసరించి రాత్రివేళ తట్టి లేపుచుండెడివారు. అధికసంఖ్యాకులు ఆ రాత్రి రాకలను మాత్రము నిషేధించి, గోప్యత రాజ్యాంగదత్తమైన హక్కు కాదనిరి. సుబ్బారావుగారు మాత్రము, జె.సి. షాగారు తోడుకాగా, ఒడలికి తగులని నిర్బంధమే మనస్సును మఱింత గట్టిగా బంధించునని తలంచి, ఆ నిఘా నిబంధన సర్వమును చెల్లదనిరి. 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కేయని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు పలికిన పుట్టస్వామి తీర్పుతో ఆ మాట నెగ్గినది. ఆ తొమ్మండుగురిలో కృష్ణా జిల్లా వాసి చలమేశ్వర్‌గారును ఒకరు.

నడుమ మఱియొకటి జరిగినది. కలెక్టరు అధికారమిచ్చిన ఎవడైనను బ్యాంకులోని పత్రములను తిరుగవేయవచ్చునని భారత స్టాంపు చట్టమునకు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణను, 2004లో సుప్రీంకోర్టు కొట్టివేయుచు, గోప్యత స్థలమును గాక మనుష్యుని ఆశ్రయించియుండునన్నది.

అట్టి మనుష్యునికి మచ్చుగా, తడ మీదుగా తిరువళ్లూరు జిల్లా కాట్టుపల్లి రేవునకు సరకు తోలు తెలుగు లారీ డ్రైవరునే చూడుడు. యజమాని పంపిన డీజిలు డబ్బు, ఫాస్టాగ్ నిలువ, సరకు రసీదు, బిడ్డ రక్తపరీక్ష, భార్యతో పడిన తగవు, అన్నియు అతని ఫోను పగిలిన అద్దము వెనుకనే యున్నవి. ఆ జిల్లాకు పెద్ద కోర్టైన మద్రాసు హైకోర్టు, ప్రజాత్యవసరమో ప్రజాభద్రతయో లేనిదే కేవలము నేరపరిశోధనకై ఫోను సంభాషణలు చాటున వినరాదని 2025 జూలై 2న తీర్పు చెప్పినది. చాటున వినుటకే ఇన్ని షరతులుండగా, ఎదుట నిలిచి చదువుటకు లేవా?

ఉన్నవి. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, దర్యాప్తునకు ఫోను కావలసినచో 94వ సెక్షను క్రింద లిఖితపూర్వకముగా అడుగుమన్నది. వారంటు లేక సోదా చేయు అధికారి తన కారణములను ముందుగా వ్రాయవలెనని 185వ సెక్షను శాసించుచున్నది. తనిఖీ చోట ఆ కాగితమేదని డ్రైవరు అడుగవచ్చును. అడుగడు, బండి ప్రక్కకు పెట్టించినచో రేవు గేటు వేళ దాటిపోవును, కిరాయి కోత పడునది అతనికే.